పూలకుండీ కింది పిల్‌బగ్, 50 కోట్ల ఏళ్ల నాటి ట్రైలోబైట్: తరచుగా అడిగే ప్రశ్నలు

మృగశిర కార్తెలో నాలుగు వానలు పడ్డాయంటే చాలు, వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ఇళ్లలో పూలకుండీల కింద, తడి ఇటుకల సందుల్లో ఒక చిన్న బూడిద రంగు పురుగు కనిపిస్తుంది. వేలు తగిలితే బంతిలా చుట్టుకుపోతుంది. ట్రైలోబైట్ శిలాజం బొమ్మ చూసిన పిల్లలు దీన్ని చూడగానే "ఇది అదే కదా!" అంటారు. ఆ పోలిక పట్టగలిగిన పిల్లలను "కాదు, పో" అని పంపేయడం నాకు నచ్చదు. అలాగని "అవును, అదే" అని చెప్పినా తప్పే. అసలు జవాబు ఈ రెండింటికన్నా ఎంతో ఆసక్తికరమైనది. బడి పిల్లలు, తల్లిదండ్రులు, మొక్కలు పెంచేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

పిల్‌బగ్ కీటకమా?

కాదు. కీటకానికి ఆరు కాళ్లు ఉంటాయి, పెద్ద పిల్‌బగ్‌కు పద్నాలుగు. ఇది రొయ్యలు, పీతలు ఉండే క్రస్టేషియా సమూహానికి చెందినది. ఆ సమూహంలో ఐసోపోడా అనే క్రమం దీనిది. ఐసోపోడ్ జాతుల్లో దాదాపు సగం ఇప్పటికీ నీళ్లలోనే బతుకుతున్నాయి. నేల మీద పూర్తిగా స్థిరపడిన కొద్ది క్రస్టేషియన్లలో పిల్‌బగ్‌లు, వాటి దగ్గరి చుట్టాలు ముందు వరుసలో ఉంటాయి.

నేల మీదికి వచ్చినా నీటి అలవాటు పోలేదు. పొట్ట చివరి భాగం కింద ఉండే పలకల్లాంటి అవయవాలతో ఇవి గాలి పీలుస్తాయి, అందుకు ఆ పలకలు తడిగా ఉండాలి. రోహిణి కార్తె ఎండల్లో ఒక్కటీ బయట కనిపించకపోవడానికి కారణం ఇదే. తేమ ఉన్న చోటు వెతుక్కుంటూ మట్టిలోకి దిగిపోతాయి.

మా ఇంటి దగ్గర బంతిలా చుట్టుకునేది పిల్‌బగ్గేనా, రోకలిబండ జాతా?

ఈ సందేహం సరైనదే. రోకలిబండల్లో కూడా పొట్టిగా, బలంగా ఉండి గుండ్రంగా చుట్టుకునే రకాలు ఉన్నాయి. దక్షిణ భారత అడవుల్లో కనిపించే ఆర్త్రోస్ఫీరా అలాంటిదే. అది చుట్టుకుంటే పెద్ద గోళీ అంత ఉంటుంది.

తేడా పట్టడానికి తోక వైపు చూడండి. పిల్‌బగ్‌కు చివర్లో సన్నటి చిన్న పలకలు వరసగా ఉంటాయి. చుట్టుకునే రోకలిబండకు చివర ఒకే పెద్ద డాలు లాంటి పలక ఉంటుంది. కాళ్లు లెక్కపెట్టగలిగితే సందేహమే ఉండదు: పిల్‌బగ్‌కు ఒక్కో ఖండానికి ఒక జత, రోకలిబండకు చాలా ఖండాలకు రెండేసి జతలు.

పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే ఆర్మడిల్లిడియం వల్గేర్ అనే పిల్‌బగ్ మధ్యధరా ప్రాంతానిది. మనుషుల సరుకులతో, మొక్కలతో పాటు ప్రపంచమంతా పాకింది. ఉష్ణమండల దేశాల్లో ఆర్మడిల్లిడే అనే మరో కుటుంబం విస్తారంగా ఉంది. మీ కుండీ కింద ఉన్నది ఏ జాతో ఫోను ఫొటో చూసి తేల్చేయకండి. తోక చివరి భాగాలను సూక్ష్మదర్శిని కింద చూడాల్సి ఉంటుంది.

ట్రైలోబైట్ అంటే ఏమిటి?

సముద్రాల్లో బతికి, పూర్తిగా అంతరించిపోయిన ఆర్థ్రోపోడ్, అంటే అతుకుల కాళ్లు, బయట గట్టి పెంకు ఉన్న జీవి. సుమారు 52 కోట్ల సంవత్సరాల నాటి రాళ్లలో మొదట కనిపిస్తుంది, 25 కోట్ల సంవత్సరాల క్రితం చివరిది పోయింది. అంటే దాదాపు 27 కోట్ల సంవత్సరాల పాటు సముద్రాల్లో ఉంది. ఇప్పటివరకు 20 వేలకు పైగా జాతులను గుర్తించారు. కొన్ని బియ్యపు గింజ కన్నా చిన్నవి. కెనడాలో దొరికిన ఐసోటెలస్ రెక్స్ పొడవు 70 సెంటీమీటర్లు దాటుతుంది.

వీపు నిలువుగా మూడు భాగాలుగా కనిపిస్తుంది: మధ్యలో ఉబ్బెత్తు వరుస, దానికి రెండు పక్కలా చెరొకటి. తలనుంచి తోకకు కూడా మూడు భాగాలే: తల డాలు, కదిలే ఖండాలున్న నడుము, ఒకే పలకగా అతుక్కుపోయిన తోక డాలు. 1698లో వేల్స్‌లో ఎడ్వర్డ్ ల్విడ్ ఒక ట్రైలోబైట్ బొమ్మను అచ్చు వేయించి, దాన్ని బల్లపరుపు చేప అనుకున్నాడు. ట్రైలోబైట్ అన్న పేరు 1771లో వాల్ష్ అనే జర్మన్ పండితుడి రచనతో స్థిరపడింది.

పిల్‌బగ్ ట్రైలోబైట్ వంశంలో పుట్టిందా?

లేదు. ట్రైలోబైట్లు వారసులను మిగల్చకుండా పోయాయి. రెండూ ఆర్థ్రోపొడా వర్గానివే, కానీ ఆ వర్గం చాలా పెద్దది. తేలు, జెర్రి, సాలీడు, బొద్దింక, తొలకరిలో పొలాల్లో కనిపించే ఎర్రటి ఆరుద్ర పురుగు, అన్నీ అందులోవే. పిల్‌బగ్ వంశం, ట్రైలోబైట్ వంశం 50 కోట్ల ఏళ్లకు ముందే, కేంబ్రియన్ కాలం నాటికే విడిపోయాయి. ఆ లెక్కన పిల్‌బగ్‌కు ట్రైలోబైట్ కన్నా బొద్దింకే దగ్గరి చుట్టం.

"మీ పెరట్లో బతికి ఉన్న ట్రైలోబైట్" అంటూ తిరిగే వీడియోలను నమ్మకండి.

మరి ఇంత పోలిక ఎలా వచ్చింది?

ఈ విషయమంతటిలో అందమైన భాగం ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఆర్థ్రోపోడ్‌కు ఎముకలు లోపల ఉండవు, గట్టి పెంకే బయట ఎముక. వీపు వైపు పెంకు దిట్టంగా, కాళ్లున్న పొట్ట వైపు మెత్తగా ఉంటే శత్రువు తిరగేసి తినేస్తుంది. ఆ మెత్తటి వైపును దాచుకునే సులువైన ఉపాయం ముందుకు వంగి తలను తోకతో కలిపేయడం. ఖండాలుగా ఉన్న శరీరానికి ఆ అవకాశం ముందే ఉంది. దుకాణం షట్టర్ రేకుల్లా వీపు పలకలు ఒకదాని కింద నుంచి ఒకటి జారితే శరీరం వంగుతుంది.

వీపు సంగతి అంతవరకే. అసలు చిక్కు పొట్ట వైపు వస్తుంది. బంతిలా వంగినప్పుడు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు చోటు తగ్గిపోతుంది. అన్ని కాళ్లు, పొట్ట మీది పలకలు ఆ ఇరుకులో ఎలా సర్దుకోవాలి? ట్రైలోబైట్ల విషయంలో దీనికి చాలాకాలం జవాబు లేదు, ఎందుకంటే వాటి వీపు పెంకు మాత్రమే కాల్సైట్ అనే ఖనిజంతో గట్టిపడి శిలాజంగా మిగిలింది. పొట్ట, కాళ్లు దాదాపు ఎప్పుడూ కుళ్లిపోయేవి.

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో వాల్కాట్-రస్ట్ క్వారీ అనే చోట సుమారు 45 కోట్ల ఏళ్ల నాటి సున్నపురాయిలో చుట్టుకున్న స్థితిలోనే, కాళ్లతో సహా ట్రైలోబైట్లు దొరికాయి. 1870లలో చార్లెస్ వాల్కాట్ వాటిని పలుచటి ముక్కలుగా కోసి ట్రైలోబైట్లకు కాళ్లున్నాయని చూపించాడు. అవే పాత ముక్కలను హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సారా లోసో, ఆమె సహచరులు మళ్లీ పరిశీలించి 2023లో ఫలితాలు ప్రచురించారు. సెరౌరస్ అనే ట్రైలోబైట్ చుట్టుకున్నప్పుడు పొట్ట పలకలు ఒకదాని పక్కనుంచి ఒకటి లోపలికి జారి సర్దుకునేవని, కాళ్ల మొదళ్లు ఒక వైపు సన్నబడి ఉండటం వల్ల ఒకదాని పక్కన ఒకటి కుదురుకునేవని తేలింది. ఇప్పటి పిల్‌బగ్‌లలో, చుట్టుకునే రోకలిబండల్లో చూస్తే అదే ఏర్పాటు. మూడు వేర్వేరు వంశాలు, వీపు కిందనున్న చిక్కుకు కూడా ఒకే పరిష్కారం.

దీన్ని అభిసారి పరిణామం అంటారు: చుట్టరికం వల్ల కాక, ఒకే అవసరం వల్ల రూపాలు దగ్గరకు రావడం. మన అడవుల్లో ఉండే అలుగు కూడా బంతిలా చుట్టుకుంటుంది. అది వెన్నెముక ఉన్న, పిల్లలకు పాలిచ్చే జంతువు.

ట్రైలోబైట్లన్నీ చుట్టుకునేవా?

కాదు. తొలి రకాల్లో చాలావాటికి పూర్తిగా మూసుకునే నేర్పు లేదు. తర్వాతి రకాల్లో అది మెరుగుపడింది. ఫాకాప్స్ లాంటి వాటిలో తల డాలు అంచున ఒక గాడి ఉండి, తోక డాలు అందులో గట్టిగా కూర్చునేది. పిల్‌బగ్ చుట్టాల్లో కూడా ఇలాగే తేడా ఉంది: పోర్సెలియో అనే ఐసోపోడ్ చూడటానికి పిల్‌బగ్‌లాగే ఉన్నా చుట్టుకోలేదు, పరుగెత్తి తప్పించుకుంటుంది.

పిల్‌బగ్‌కు చుట్టుకోవడం వల్ల మరో లాభం ఉంది: ఒంట్లో తేమ తొందరగా ఆరిపోదు. సముద్రంలో ఉన్న ట్రైలోబైట్‌కు ఆ బాధ లేదు.

పోలిక ఎక్కడ ఆగిపోతుంది?

వీపు చూస్తే పోలిక కనిపిస్తుంది, తిరగేస్తే తేడా కనిపిస్తుంది. ట్రైలోబైట్‌కు నోటి ముందు ఒకే జత మీసాలు, ఆ తర్వాత తోక దాకా దాదాపు ఒకేలాంటి కాళ్లు. ప్రతి కాలుకూ రెండు కొమ్మలు: కిందిది నడవడానికి, పైది మొప్పలా శ్వాసకు. దవడలు లేవు. కాళ్ల మొదళ్ల దగ్గరున్న ముళ్లతో ఆహారాన్ని నలుపుతూ నోటి వైపు నెట్టేది. పిల్‌బగ్‌కు రెండు జతల మీసాలు, అందులో ఒక జత కంటికి ఆననంత చిన్నది. నమిలే దవడలు ఉన్నాయి. నడిచే కాళ్లు వేరు, శ్వాస పలకలు వేరు. పని పంచుకున్న అవయవాలు ఇవి, అందుకే దీన్ని పాత నమూనా అనడం అన్యాయం.

కళ్లు కూడా చెప్పుకోదగ్గవే. ట్రైలోబైట్ కంటి కటకాలు కాల్సైట్ స్ఫటికంతో, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజంతోనే తయారయ్యేవి. అందుకే కోట్ల ఏళ్ల తర్వాత కూడా శిలాజంలో ఆ కటకాలను వరుసలుగా లెక్కపెట్టవచ్చు. పిల్‌బగ్ కన్ను తల పక్కన నల్లటి చుక్కంతే.

కుబుసం విడిచే పద్ధతి ఒకటేనా?

రెండూ పెంకు విడిచి పెరిగేవే, పద్ధతి వేరు. ట్రైలోబైట్ తల డాలు మీద కుట్టు గీతలు ఉండేవి. చాలా రకాల్లో అక్కడ పెంకు విడివడితే జీవి ముందు నుంచి బయటికి పాకి వచ్చేది. ఒక్క ట్రైలోబైట్ జీవితంలో ఎన్నో పెంకులు వదిలేది కాబట్టి, సంగ్రహాలయాల్లో కనిపించే శిలాజాల్లో చాలావరకు వదిలేసిన పెంకులే.

పిల్‌బగ్ పెంకును రెండు విడతలుగా విడుస్తుంది: మొదట వెనక సగం, కొద్ది రోజుల తర్వాత ముందు సగం. వెనక సగం లేతగా, ముందు సగం ముదురుగా కనిపించే పిల్‌బగ్ దొరికితే అది జబ్బు కాదు, పని మధ్యలో ఉందన్నమాట. అప్పుడు మెల్లగా తిప్పి భూతద్దంతో పొట్ట చూడండి. ముందు ఖండాల కింద తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. పాత పెంకులోంచి వెనక్కి తీసుకుని దాచుకున్న కాల్షియం అది, కొత్త పెంకుకు మళ్లీ వాడుకుంటుంది. చూసిన వెంటనే దాని చోట దాన్ని వదిలేయండి, ఆ సమయంలో ఒళ్లు చాలా సున్నితంగా ఉంటుంది.

ఎదుగుదలలో ఒక పోలిక మాత్రం నిజంగా ఉంది. ట్రైలోబైట్ పిల్లకు నడుములో ఖండాలు తక్కువగా ఉండి, కుబుసం విడిచే కొద్దీ పెరిగేవి. బొహీమియా (ఇప్పటి చెక్ దేశం) రాళ్లలో జోకిం బరాండ్ అనే శాస్త్రవేత్త ఈ దశలను 19వ శతాబ్దంలోనే వరుసగా పేర్చి చూపించాడు. పిల్‌బగ్ తల్లి గుడ్లను పొట్ట కింది తడి సంచిలో మోస్తుంది. అందులోంచి వచ్చే పిల్లకు ఆరు జతల కాళ్లే ఉంటాయి. ఏడో జత ఆ తర్వాతి కుబుసాలతో వస్తుంది.

వరంగల్ చుట్టుపక్కల ట్రైలోబైట్ శిలాజాలు దొరుకుతాయా?

దొరకవు. ఎందుకు దొరకవో తెలుసుకుంటే మన నేల చరిత్ర సగం తెలిసినట్టే.

హనుమకొండ పద్మాక్షి గుట్ట, చుట్టూ ఉన్న బండలు గ్రానైట్ జాతివి, వయసు 250 కోట్ల ఏళ్ల పైమాటే. కరిగిన శిల చల్లారి గట్టిపడినవి, వాటిలో శిలాజానికి తావు లేదు. పైగా అప్పటికి జంతువులే పుట్టలేదు.

నర్సంపేట దాటి పాకాల వైపు వెళితే రాయి మారుతుంది. గణపతిదేవుని కాలంలో కట్టిన పాకాల చెరువు పేరే అక్కడి అవక్షేప శిలల సముదాయానికీ పెట్టారు. ఇసుకరాయి, పలకరాయి, సున్నపురాయి, అన్నీ నీటి అడుగున పొరలుగా పేరుకున్నవే. కానీ అవి 100 కోట్ల ఏళ్లకు పైబడినవి. వాటిలోని సున్నపురాళ్లలో కనిపించేది సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రొమటోలైట్లు.

ఇక భూపాలపల్లి, రామగుండం, మందమర్రి బొగ్గు పొరలు. ఇవి సుమారు 30 నుంచి 25 కోట్ల ఏళ్ల క్రితపు పెర్మియన్ కాలానివి, గ్లాసోప్టెరిస్ చెట్ల అడవులు చిత్తడిలో పూడిపోయి ఏర్పడినవి. ఆ అడవులు ఇక్కడ పెరుగుతున్న కాలంలో ట్రైలోబైట్ల చివరి తరాలు ఇంకా సముద్రాల్లో తిరుగుతున్నాయి! కాలం సరిపోయింది, చోటు సరిపోలేదు. ఇక్కడున్నది నేల, మంచినీరు. ట్రైలోబైట్ ఉప్పునీటి జీవి. సింగరేణి బొగ్గు ముక్క చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు ముందుగా గుర్తొచ్చేది ఈ సంగతే.

అయితే ఉత్తర తెలంగాణలో పురాతన ఆర్థ్రోపోడ్ శిలాజాలే లేవా?

ఉన్నాయి. ప్రాణహిత–గోదావరి లోయలో కోటా అనే శిలల పొర జురాసిక్ కాలానిది. కోటాసారస్ అనే రాక్షసబల్లి ఎముకలు యామన్‌పల్లి దగ్గర దొరికింది ఈ పొరలోనే. పి. యాదగిరి 1988లో దానికి పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. రాక్షసబల్లి ముందు నిలబడి ఫొటోలు దిగేవాళ్లు చాలామంది, అదే పొరలోని సున్నపురాళ్లలో చేపలతో పాటు కీటకాల ముద్రలు, ఆస్ట్రకోడ్లు అనే చిన్న క్రస్టేషియన్లు, ఎస్తీరియా గవ్వలు ఉన్నాయని తెలిసినవాళ్లు తక్కువ.

ఎస్తీరియా చూడటానికి రెండు రెక్కల గవ్వలా ఉంటుంది కానీ లోపల ఉండేది చిన్న క్రస్టేషియన్. ఆ రకం జీవులు ఇప్పటికీ వానకు నిండి ఎండకు ఎండే నీటి గుంటల్లో బతుకుతాయి. ట్రైలోబైట్ దొరకలేదని బాధపడేవారికి నా సలహా ఇది: పిల్‌బగ్‌కు నిజమైన పాత చుట్టాలు గోదావరి ఒడ్డు రాళ్లలో ఉన్నాయి.

భారతదేశంలో ట్రైలోబైట్లు ఎక్కడ ఉన్నాయి?

హిమాలయాల్లో. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ, లద్దాఖ్‌లోని జంస్కార్, కశ్మీర్, ఉత్తరాఖండ్‌లో ముస్సోరి ప్రాంతపు టాల్ శిలలు. ఒకప్పటి సముద్రపు అడుగు అక్కడ పర్వతమై లేచింది. స్పితి శిలాజాల మీద కౌపర్ రీడ్ రాసిన గ్రంథాన్ని 1910లో భారత భూగర్భ సర్వే ప్రచురించింది.

నాపరాయి మీద ఫెర్న్ ఆకు లాంటి ముద్ర ఉంది. అది శిలాజం కాదా?

చాలావరకు కాదు. రాతి పొరల సందుల్లోకి ఇంకిన నీరు వదిలిన మాంగనీసు, ఇనుము ఖనిజాలు కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటాయి. ఆకుకైతే మధ్య ఈనె, రెండు వైపులా క్రమం ఉంటాయి. దీనికి ఆ క్రమం ఉండదు.

ట్రైలోబైట్లు ఎందుకు పోయాయి, ఐసోపోడ్లు ఎలా మిగిలాయి?

ఒక్క దెబ్బకు పోలేదు. సుమారు 36 కోట్ల ఏళ్ల క్రితం ముగిసిన డెవోనియన్ కాలం చివరి విపత్తుల్లో చాలా కుటుంబాలు పోయి ప్రొయిటిడా అనే ఒక్క క్రమమే మిగిలింది. 25 కోట్ల 20 లక్షల ఏళ్ల క్రితం సైబీరియాలో లావా వెల్లువలు, వాటితో వాతావరణం వేడెక్కడం, సముద్రాల్లో ప్రాణవాయువు తగ్గడం జరిగాయి. సముద్ర జీవజాతుల్లో అత్యధిక భాగం అప్పుడే పోయాయి, మిగిలిన ట్రైలోబైట్లు కూడా వాటితోనే పోయాయి.

ఐసోపోడ్లు అప్పటికే ఉన్నాయి. సుమారు 30 కోట్ల ఏళ్ల నాటి హెస్లరెల్లా అనే శిలాజం అమెరికాలోని ఇల్లినాయిలో దొరికింది. అంటే కొంతకాలం రెండు వంశాలూ ఒకే సముద్రాల్లో ఉన్నాయి. ఒకటి పోయి ఒకటి మిగలడానికి పెంకు బలమే కారణమని చెప్పే జవాబులు వింటుంటాను. అంత తేలిగ్గా ఒప్పుకోవద్దు, ఎందుకంటే చుట్టుకునే నేర్పు ట్రైలోబైట్లకూ ఉంది, వేడెక్కిన నీటి నుంచి అది కాపాడలేదు.

బతికున్న వాటిలో ట్రైలోబైట్‌కు దగ్గరివి ఏవి?

శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. ఒడిశా, బెంగాల్ తీరాల్లో కనిపించే గుర్రపు నాడా పీత, సాలీడు, తేలు ఉన్న వైపు చేర్చేవారు కొందరు. కీటకాలు, క్రస్టేషియన్ల వైపు చేర్చేవారు మరికొందరు.

పిల్లలతో ఇంట్లో ఎలా పరిశీలించాలి?

వెడల్పాటి డబ్బాలో తడి మట్టి, కుళ్లిన ఆకులు వేసి, ఒక పక్క తడిగా, ఒక పక్క పొడిగా ఉంచండి. నాలుగైదు పిల్‌బగ్‌లను మధ్యలో వదిలి ఎటు వెళతాయో చూడండి. గాజు పలక మీద పెట్టి కింది నుంచి చూస్తే కాళ్ల కదలిక వెనక నుంచి ముందుకు అలలా సాగడమో, ముందు నుంచి వెనక్కి సాగడమో పిల్లలే తేల్చుకోగలరు. చుట్టుకున్నదాన్ని బలవంతంగా విప్పవద్దు. కాసేపు కదలకుండా ఉంటే మీసాలు ముందు బయటికి వస్తాయి. సాయంత్రానికి తెచ్చిన చోటే వదిలేయండి.

ఇవి మొక్కలకు, మనుషులకు హాని చేస్తాయా?

మనుషులను కుట్టవు, కరవవు. ప్రధాన ఆహారం రాలిన, కుళ్లిన ఆకులు. వాటిని ముక్కలు చేసి మట్టిలో కలిపే పని చేస్తాయి. సంఖ్య బాగా పెరిగి ఎండుటాకులు కరవైనప్పుడు లేత మిరప, కూరగాయ నారును కొరకవచ్చు. అప్పుడు కూడా పురుగుమందు సీసా తీయవద్దని గట్టిగా చెబుతాను. సాయంత్రం కాక ఉదయం నీళ్లు పెట్టండి, కాండం చుట్టూ చెత్త లేకుండా చూడండి, రాత్రి బత్తాయి తొక్కలు బోర్లించి ఉదయాన్నే కిందికి చేరినవాటిని తీసి ఎరువు గుంతలో వేయండి.

నీలం రంగు పిల్‌బగ్ కనిపించింది. కొత్త జాతా?

ఊదా, నీలం రంగులో మెరుస్తుంటే చాలావరకు అది ఇరిడోవైరస్ సోకిన పిల్‌బగ్. వైరస్ కణాలు ఒంట్లో వరుసలుగా పేరుకుని ఆ రంగు పుట్టిస్తాయి. అది ఎక్కువ కాలం బతకదు. ఈ వైరస్ మనుషులకు సోకదు.

ఆన్‌లైన్‌లో అమ్మే ట్రైలోబైట్లు నిజమైనవేనా?

నిజమైనవీ ఉన్నాయి, నకిలీలూ చాలా ఉన్నాయి. ఎక్కువ సరుకు మొరాకో నుంచి వస్తుంది. భూతద్దంతో చూసినప్పుడు ఉపరితలంలో చిన్న గాలి బుడగల గుంతలు, రాయికీ జీవికీ ఒకే రంగు, కటకాలు లేని నున్నటి కళ్లు కనిపిస్తే అది అచ్చుపోసినది కావచ్చు. బడికోసమైతే తక్కువ ధరకు నకలు అని చెప్పి అమ్మేదాన్నే కొనండి, చదువుకు అది చాలు.

గోదావరి వైపు రాయిలో శిలాజం లాంటిది కనిపిస్తే ఏం చేయాలి?

సుత్తితో కొట్టవద్దు. పక్కన నాణెమో స్కేలో పెట్టి ఫొటోలు తీయండి. చోటు, ఊరు, రాతి పొర ఎలా ఉందో రాసుకోండి. హైదరాబాద్ బండ్లగూడలో ఉన్న భారత భూగర్భ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయానికి తెలియజేయండి. ఏ పొరలో ఉందో తెలియకుండా ఊడదీసిన శిలాజం నుంచి దాని వయసు, అది బతికిన నీరు, దాని తోటి జీవుల సంగతి తెలుసుకునే వీలు దాదాపు ఉండదు.